వినడం నేర్పిన తొమ్మిదిమంది



కచేరీ అయిన మర్నాడు పేపర్లో ఓ నాలుగు వాక్యాలు వస్తాయి. శ్రోతల్ని మంత్రముగ్ధుల్ని చేశారని ఉంటుంది. వీనులవిందు చేశారని ఉంటుంది. పాడినవాళ్ళు ఆ ముక్క కత్తిరించి దాచుకుంటారు. దాచుకోవాల్సిందే, తప్పేం లేదు. కానీ ఆ నాలుగు వాక్యాలూ మరోసారి చదివి చూడండి. వాళ్ళు ఎలా పాడారో అందులో ఉండదు. ఏ చరణం దగ్గర గొంతు తగ్గించారో ఉండదు. ఎక్కడ అందరి గొంతులూ ఒక్కటయ్యాయో ఉండదు. పొగడ్త ఉంటుంది. విన్న జాడ ఉండదు.

ఈవేళ మీకు ఒక బృందగానం కథ చెబుతాను. ఆ బృందాన్ని అమెరికా పత్రికలు పొగిడాయి, యూరప్ పత్రికలు పొగిడాయి. రాణిగారు వచ్చి విన్నారు. దేశాధ్యక్షుడు పిలిపించుకుని విన్నారు. ఆ గౌరవాల చిట్టా విప్పడం నా ఉద్దేశం కాదు. పొగడ్తల్లో రకాలున్నాయని చెప్పాలని నా ఆరాటం. జాలిపడి పొగిడేవాళ్ళు ఉంటారు. వింతగా ఉందని పొగిడేవాళ్ళు ఉంటారు. చెవి పెట్టి విని, విన్నదేమిటో చెప్పేవాళ్ళు మాత్రం అరుదు. ఆ అరుదైన పొగడ్త కోసం ఈ బృందం ఏళ్ళ తరబడి ఊరూరా తిరగాల్సి వచ్చింది.

ఆ బృందం పేరు ఫిస్క్ జూబిలీ సింగర్స్. పేరు గుర్తుపెట్టుకోండి. ఫిస్క్ జూబిలీ సింగర్స్.

అమెరికాలో టెనెసీ రాష్ట్రం. అందులో నాష్‌విల్ అనే ఊరు. అంతర్యుద్ధం అప్పుడే ముగిసింది. బానిసత్వం చట్టప్రకారం పోయింది. నిన్నటిదాకా అక్షరం ముట్టుకుంటే దెబ్బలు తిన్న జనం, ఇప్పుడు బడి ఎక్కడుందని అడుగుతూ వస్తున్నారు. 1866 జనవరిలో అక్కడ వాళ్ళకోసం ఒక బడి తెరిచారు. కొత్త భవనం కట్టే స్తోమత లేదు. యుద్ధకాలంలో సైనికుల ఆస్పత్రికి వాడిన చెక్క కొట్టాలు ఖాళీగా ఉంటే, వాటిలోనే మొదలుపెట్టారు. అదే ఫిస్క్ బడి. మరుసటి ఏడాదికే దానికి విశ్వవిద్యాలయం అని పేరు పెట్టుకున్నారు. చూడండి వాళ్ళ ధైర్యం. పైకప్పు కారుతోంది, పేరు మాత్రం విశ్వవిద్యాలయం.

ఆ ఊళ్ళో అంతకుముందు బానిసల్ని అమ్మే చోటు ఉండేది. అక్కడ పడి ఉన్న తుప్పుపట్టిన సంకెళ్ళు ఏరి, పాత ఇనుము కింద అమ్మి, ఆ డబ్బుతో పిల్లలకు చదువుకునే పుస్తకాలు కొన్నారని ఫిస్క్ వాళ్ళు చెప్పుకుంటారు.

ఐదేళ్ళు గడిచాయి. కొట్టాలు కుళ్ళిపోతున్నాయి. అప్పులవాళ్ళు గుమ్మంలో ఉన్నారు. బడి మూసేయడమే దారి అనుకుంటున్నారు. ఆ బడికి ఖజానా చూసే ఆయన జార్జ్ వైట్. తెల్లాయన. కమ్మరి కొడుకు. యుద్ధంలో సైనికుడిగా పనిచేసి వచ్చాడు. సంగీతం పద్ధతిగా నేర్చుకున్నవాడు కాదు, కానీ పాటంటే ప్రాణం. పగలు లెక్కలు రాసేవాడు, తీరిక దొరికితే పిల్లల్ని కూర్చోబెట్టి పాటలు పాడించేవాడు. ఆ పిల్లల గొంతులు విని ఆయనకొక ఆలోచన వచ్చింది. వీళ్ళను తీసుకుని ఉత్తరాది ఊళ్ళు తిరిగి, కచేరీలు చేసి, డబ్బు తెచ్చి బడిని నిలబెడదామని.

ఆయనకు కుడిభుజం ఎల్లా షెపర్డ్ అనే అమ్మాయి. ఈ అమ్మాయి గురించి కొంచెం తీరిగ్గా చెప్పాలి. ఎందుకంటే, పేరు వైట్‌కు వచ్చినా, బృందాన్ని లోపలినుంచి నడిపింది ఎల్లాయే.

ఎల్లా 1851లో నాష్‌విల్‌లో బానిసగా పుట్టింది. తండ్రి కష్టపడి డబ్బు కూడబెట్టి కూతుర్ని కొనుక్కున్నాడు. మీరు విన్నది నిజమే. కన్నకూతుర్ని డబ్బిచ్చి కొనుక్కున్నాడు. తల్లిని మాత్రం యజమాని వదల్లేదు. తండ్రి ఆ పిల్లను తీసుకుని సిన్సినాటి వెళ్ళిపోయాడు. అక్కడ ఎల్లాకు పియానో మీద మనసు పడింది. నేర్పడానికి ఒక తెల్ల టీచరమ్మ ఒప్పుకుంది, కానీ షరతులు పెట్టింది. ఎవరికీ చెప్పకూడదు. రాత్రి తొమ్మిది దాటాక రావాలి. వీధి గుమ్మంలోంచి కాదు, వెనక దారిన రావాలి. ఎల్లా అలాగే వెళ్ళింది, వెనక గుమ్మంలోంచి, చీకట్లో, పియానో కోసం. తరవాత తండ్రి పోయాడు. అప్పులవాళ్ళు పియానో కూడా పట్టుకుపోయారు. ఆ అమ్మాయి ఆరు డాలర్లు చేతపట్టుకుని ఫిస్క్‌కు చదువుకోవడానికి వచ్చింది.

ఈ సంగతి మనసులో ఉంచుకోండి. ఎందుకంటే తరవాత పత్రికలు రాస్తాయి, వీళ్ళ పాట పుట్టుకతో వచ్చిందని, నేర్చుకున్నది కాదని. అలాంటి మాటలు చదివినప్పుడు నాకు ఆ వెనక గుమ్మం గుర్తుకొస్తుంది.

ఇక పాటల సంగతికి వద్దాం. బానిసలుగా బతికిన ఆ జనానికి సొంత పాటలు ఉండేవి. పొలాల్లో, రహస్యంగా చేసుకునే ప్రార్థనల్లో పుట్టిన పాటలు. వాటిని స్పిరిచువల్స్ అంటారు. బైబిల్ కథలే ఉంటాయి. నది దాటడం, చెర వీడడం, ఇల్లు చేరడం. పైకి దేవుడి పాట, లోపల విడుదల కోసం ఆరాటం. ఈ పిల్లలకు అవన్నీ వచ్చు, తల్లిదండ్రుల ఒళ్ళో విన్నవే. కానీ వాళ్ళు వాటిని బయటివాళ్ళ ముందు పాడేవాళ్ళు కాదు. ఎల్లా తరవాత రోజుల్లో దీని గురించి రాసింది. అవి బానిసత్వాన్ని గుర్తుచేసే పాటలు, మరిచిపోదామనుకున్న రోజుల పాటలు. పైగా అవి తమ పెద్దలకు పవిత్రమైనవి, పూజలో పాడుకునేవి. వాటిని వేదిక మీద పెట్టి టికెట్టు అమ్మడమా? మనసొప్పలేదు. మొదట్లో ఒక గదిలో చేరి, తలుపులు మూసుకుని, మెల్లగా పాడుకునేవాళ్ళు.

తలుపులు మూసుకుని పాడిన పాటలు. ఇది కూడా మనసులో ఉంచుకోండి.

1871 అక్టోబరు 6. తొమ్మిదిమంది బయల్దేరారు. ఐదుగురు అమ్మాయిలు, నలుగురు అబ్బాయిలు. ఎక్కువమంది బానిసలుగా పుట్టినవాళ్ళే. వాళ్ళలో బెంజమిన్ హోమ్స్ అనే కుర్రవాడు అక్షరాలు నేర్చుకున్నది వీధి బోర్డులు చూసి. అమ్మకానికి బానిసల్ని కట్టిపడేసే చెరలో ఉండగా, అధ్యక్షుడు లింకన్ చేసిన బానిసల విమోచన ప్రకటన అచ్చయిన పత్రిక అతని చేతికి వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళకు గట్టిగా చదివి వినిపించాడు. అలాంటి పిల్లలు వాళ్ళు. చలికి సరిపడా బట్టలు కూడా లేకుండా బయల్దేరారు.

మొదటి వారాలు చాలా కష్టంగా గడిచాయి. వాళ్ళు బయల్దేరిన రెండు రోజులకే షికాగో నగరం తగలబడిపోయింది. చరిత్రలో పెద్ద అగ్నిప్రమాదం అది. ఒక ఊళ్ళో కచేరీకి యాభై డాలర్లు కూడా రాలేదు. ఆ వచ్చిన కాస్తా షికాగో బాధితులకు ఇచ్చేశారు. తమ బడి అప్పుల్లో మునిగి ఉంది, తమ కడుపులు ఖాళీగా ఉన్నాయి, అయినా ఇచ్చేశారు.

జనం ఎందుకు రాలేదు? వచ్చినా ఎందుకు నవ్వారు? దీనికొక కారణం ఉంది. ఆ రోజుల్లో అమెరికాలో మిన్‌స్ట్రెల్ ఆటలు బాగా ఆడేవి. తెల్లవాళ్ళు కాల్చిన బెరడు మసి మొహానికి పూసుకుని, నల్లవాళ్ళలా వేషం కట్టి, వెకిలి నడకలు నడిచి, వెకిలి పాటలు పాడేవాళ్ళు. నల్లవాళ్ళ సంగీతం అంటే అదేనని జనం నమ్మారు. నిజం నల్లవాళ్ళు వేదిక ఎక్కి, మర్యాదగా దుస్తులు వేసుకుని, నిలబడి పాడుతుంటే ఏం చేయాలో వాళ్ళకు తోచలేదు. న్యూజెర్సీ రాష్ట్రంలో ఒక హోటల్ యజమాని వీళ్ళకు గదులిచ్చాడట, మసి పూసుకునే తెల్లవాళ్ళనుకుని. నిజంగానే నల్లవాళ్ళని తెలియగానే బయటికి పంపేశాడు. ఆ ఒక్క సంగతి చాలు ఆ రోజులు ఎలాంటివో చెప్పడానికి.

మొదట్లో వాళ్ళ కార్యక్రమంలో ఎక్కువ భాగం తెల్లవాళ్ళకు తెలిసిన పాటలే. అవి పాడితే మర్యాదగా చప్పట్లు కొట్టేవాళ్ళు, అంతే.

మలుపు నవంబరులో వచ్చింది. ఒహైయో రాష్ట్రంలో ఓబర్లిన్ అనే ఊరు. దేశం నలుమూలలనుంచి చర్చి పెద్దలు సభ చేసుకుంటున్నారు. మధ్యలో విరామం. అందరూ లేచి మాట్లాడుకుంటున్నారు. హాలంతా గోల. వైట్ అనుమతి అడిగి పిల్లల్ని పాడమన్నాడు. వాళ్ళు తెల్లవాళ్ళ పాట ఎత్తుకోలేదు. తలుపులు మూసుకుని పాడుకునే పాట ఎత్తుకున్నారు. స్టీల్ అవే అనే స్పిరిచువల్. ఆ పాట మొదలవడమే వినీ వినిపించనంత మెత్తగా మొదలవుతుంది. గోలలో మొదలైన పాట. ఒక్కొక్కరే మాట ఆపారు. హాలు నిశ్శబ్దమైంది. పాట అయ్యేసరికి చాలామంది కళ్ళు తుడుచుకుంటున్నారు.

ఆ తరవాత వాళ్ళు పాటల వరుస మార్చుకున్నారు. సొంత పాటలు ముందుకొచ్చాయి. ఆ రోజుల్లోనే వైట్ వాళ్ళకు జూబిలీ అని పేరు పెట్టాడు. బైబిల్లో యాభయ్యో సంవత్సరం బానిసలను విడిచిపెట్టే పండగ సంవత్సరం. ఆ పేరు.

డిసెంబరులో న్యూయార్క్ చేరారు. బ్రూక్లిన్‌లో హెన్రీ వార్డ్ బీచర్ అని మహా పేరున్న చర్చి బోధకుడు. ఆయన తన చర్చిలో పాడించాడు. బీచర్ పిలిచాడంటే ఊరంతా వస్తుంది. వచ్చింది. ఒక పెద్ద పత్రిక మాత్రం వీళ్ళను బీచర్ గారి మిన్‌స్ట్రెల్స్ అని ఎగతాళి చేసింది. అయినా హాళ్ళు నిండాయి. మర్నాటి పత్రికల్లో పొగడ్తలు మొదలయ్యాయి. 1872 మార్చిలో అధ్యక్షుడు గ్రాంట్ పిలిపించుకుని విన్నాడు. ఇంటికి తిరిగి వెళ్ళేటప్పుడు ఇరవై వేల డాలర్లు చేతిలో ఉన్నాయి. బడి బతికింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. ఆ పొగడ్తల్లో ఏముంది?

ఎక్కువ పత్రికల మాట ఒకటే. ఇది ప్రకృతి. ఇది అమాయకత్వం. ఇది నేర్పితే వచ్చే విద్య కాదు, రక్తంలో ఉన్నది. రాసినవాళ్ళు ప్రేమతోనే రాశారు, నేను కాదనను. కొందరు కళ్ళనీళ్ళతో రాశారు. కానీ ఆ మాట ఏం చేస్తుందో చూడండి. పాడినవాళ్ళ కష్టాన్ని ఒక్క దెబ్బతో తుడిచేస్తుంది. కోయిల కూసింది అంటాం, కోయిల సాధన చేసింది అనం కదా.

ఆ సాధన ఎలాంటిదో చెబుతాను. వైట్ పట్టుదలంతా మెత్తదనం మీద. గట్టిగా పాడడం ఎవరైనా పాడతారు. తొమ్మిదిమంది కలిసి, గుసగుసంత మెత్తగా, శ్రుతి తగ్గకుండా, మాట చెదరకుండా పాడాలి. అది చాలా కష్టం. గొంతు తగ్గించగానే శ్రుతి జారుతుంది. సంగీతం నేర్చుకున్న ఎవరినైనా అడగండి, చెబుతారు. చివరి హల్లు తొమ్మిది నోళ్ళలో ఒకేసారి తెగాలి. ఒకరు ముందూ ఒకరు వెనకా అయితే పాట చిరిగిపోతుంది. అందుకని గంటల తరబడి, ఒక్క పాదం పట్టుకుని, మళ్ళీ మళ్ళీ పాడేవాళ్ళు. పియానో దగ్గర ఎల్లా. తప్పు పట్టేది ఎల్లా. శ్రుతి సరిచేసేది ఎల్లా.

ఇంకొక సంగతి. ఈనాటికీ ఫిస్క్ జూబిలీ సింగర్స్ వేదిక మీద పాడేటప్పుడు ఎదురుగా నిలబడి చేతులు ఊపే నిర్దేశకుడు ఉండడు. ఒకరి ఊపిరి ఒకరు విని పాట ఎత్తుకుంటారు. అందరూ ఒకేసారి ఊపిరి పీల్చడం వాళ్ళకు సైగ. చేతులు ఊపేవాడు లేకుండా అంతమంది ఒకే క్షణంలో మొదలుపెట్టాలంటే, పక్కవాడిని ఎంతగా వినాలో ఊహించండి. దీన్ని పుట్టుక అందామా? సాధన అందామా? నేను సాధన అంటాను. ఎవరేమన్నా సాధన అంటాను.

మొట్టమొదట కాస్త చెవిపెట్టి విన్నవాళ్ళలో థియొడోర్ సూవర్డ్ అనే సంగీతజ్ఞుడు ఒకడు. 1872లో ఆయన వీళ్ళ పాటలకు స్వరాలు రాసి పుస్తకం వేశాడు. ఆ పుస్తకం ముందుమాటలో ఒక గమనిక రాశాడు. ఈ పాటల్లో సగానికి పైగా ఏడు స్వరాల్లో నాలుగోదీ ఏడోదీ లేకుండా ఉన్నాయని.

శ్రోతల్లో సంగీతం వచ్చినవాళ్ళు ఈపాటికి పట్టేసి ఉంటారు. నాలుగోది మధ్యమం. ఏడోది నిషాదం. ఆ రెండూ తీసేస్తే ఏం మిగులుతుంది? స, రి, గ, ప, ద. మన మోహనం! మోహన రాగంలో గీతం నేర్చుకున్న చిన్నపిల్లలు కూడా ఆ మెట్లు ఎక్కి దిగిన వాళ్ళే. ఆ పాటలు మోహన రాగంలో ఉన్నాయని నేను అనడం లేదు. వాటిలో మన గమకం లేదు, మన సంచారాలు లేవు. రాగం వేరు, స్వరాల మెట్లు వేరు. కానీ ఆ మెట్లు మనకు పరిచయమైనవే. అందుకే ఈ పాటలు మొదటిసారి విన్న తెలుగు చెవికి పరాయివి అనిపించవు. ఎక్కడో విన్నాం అనిపిస్తుంది. సూవర్డ్ ఆ ఒక్క ముక్క రాశాడు కాబట్టి, దాదాపు నూటయాభై ఏళ్ళ తరవాత మనం ఇక్కడ కూర్చుని ఈ పోలిక పట్టుకోగలిగాం. చెవి పెట్టి విన్నవాడి మాట అలా పనికొస్తుంది.

1873లో బృందం ఇంగ్లండు వెళ్ళింది. లార్డ్ షాఫ్ట్స్‌బరీ లండన్‌లో కచేరీ ఏర్పాటు చేశాడు. మర్నాడే విక్టోరియా రాణి వినడానికి వచ్చింది. ప్రధానమంత్రి గ్లాడ్‌స్టన్ తన ఇంటికి పిలిచాడు. ఇవన్నీ పెద్ద గౌరవాలే. అయినా నాకు ముఖ్యమనిపించేది గ్లాస్గోలో సంగీతం బోధించే కాలిన్ బ్రౌన్ అనే ఆచార్యుడి మాట. ఆయన రాణిలా ఆశ్చర్యపోలేదు, చర్చి పెద్దల్లా జాలిపడలేదు. నాదం ఎంత శుద్ధంగా ఉందో చెప్పాడు. మెత్తదనానికీ గట్టితనానికీ మధ్య తేడా ఎలా చూపించారో చెప్పాడు.  విన్నదేమిటో చెప్పాడు.

బ్రిటన్‌లో వచ్చిన డబ్బు దాదాపు యాభై వేల డాలర్లు. ఆ డబ్బుతో నాష్‌విల్‌లో జూబిలీ హాలు లేచింది. 1876 జనవరి 1న ప్రారంభించారు. ఇప్పటికీ ఉంది.

తరవాత జర్మనీ. 1877. ఇది నిజమైన పరీక్ష. బాఖ్, బేతోవెన్ పుట్టిన గడ్డ. ఇంగ్లీషు భాషే రాని శ్రోతలు. బానిసత్వం కథ చెప్పి కరిగిద్దామంటే మాటే అర్థం కాదు. పాట ఒక్కటే మిగులుతుంది. బెర్లిన్‌లో ఒక సంగీత పత్రిక విమర్శకుడు విని రాశాడు. ఆయన మెచ్చుకున్నది ఛాయలను. అంటే ఒకే స్వరాన్ని ఎన్ని రంగుల్లో పాడగలరో అది. మాట పలకడంలోని కచ్చితత్వాన్ని మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలు అక్కడితో ఆపలేదు. మన అలవాట్ల సంకెళ్ళు తెంచుకుంటే ఈ గాయకుల దగ్గర మనమే కొంత నేర్చుకోవచ్చు అన్నాడు.

ఈ మాట మళ్ళీ చెబుతాను, నాకు అంత ఇష్టమైన మాట. వీళ్ళ దగ్గర మనమే నేర్చుకోవచ్చు. బానిసలుగా పుట్టిన పిల్లల గురించి, బెర్లిన్ విమర్శకుడు, 1877లో. అందులో జాలి లేదు. వింత చూసిన ముచ్చట లేదు. తోటి సంగీతకారుడికి ఇచ్చే గౌరవం ఉంది.

ఈ గౌరవానికి వాళ్ళు చెల్లించింది తక్కువేం కాదు. ఏళ్ళ తరబడి ప్రయాణాలు, చలి, నిద్రలేమి. గొంతులు దెబ్బతిన్నాయి. ఆరోగ్యాలు దెబ్బతిన్నాయి. చెరలో విమోచన ప్రకటన చదివిన బెంజమిన్ హోమ్స్ క్షయతో చిన్న వయసులోనే పోయాడు. 1878లో జర్మనీలోనే బృందం చెదిరిపోయింది. ఇంకొకటి కూడా చెప్పకుండా ఉండలేను. వాళ్ళు పాడి బతికించిన విశ్వవిద్యాలయంలో వాళ్ళలో చాలామంది చదువు పూర్తి చేయలేకపోయారు. తరవాత చేరిన అమెరికా రాబిన్సన్ అనే అమ్మాయి పట్టా పొందింది. ఫిస్క్ మొట్టమొదటి పట్టభద్రుల్లో ఆమె ఒకరు. కానీ ఆ పట్టా ఇచ్చే రోజున ఆమె అక్కడ లేదు. యూరప్‌లో కచేరీల్లో ఉంది. ఎల్లా షెపర్డ్ అయితే పట్టా పుచ్చుకోనేలేదు. కానీ విడిపోయిన తల్లిని వెతికి పట్టుకుంది. నాష్‌విల్‌కు తెచ్చుకుని, తనకంటూ ఇల్లు ఏర్పరచుకుని, దగ్గర ఉంచుకుని చూసుకుంది.

అందరూ పొగిడారని మాత్రం అనుకోకండి. అరవై ఏళ్ళ తరవాత, 1934లో, జోరా నీల్ హర్‌స్టన్ అనే నల్లజాతి రచయిత్రి గట్టి ప్రశ్న లేవదీసింది. ఆమె పల్లెలు తిరిగి జానపదాలు సేకరించిన మనిషి. ఆమె మాట ఏమిటంటే, వేదిక మీద పాడేవి అసలు స్పిరిచువల్స్ కావు. అసలు పాట చర్చిలో, పల్లెలో, అందరూ కలిసి పాడుకునేది. ప్రతిసారీ కొత్తగా పుడుతుంది. ఒకసారి పాడినట్టు మరోసారి పాడరు. గొంతులు కావాలనే ఎగుడుదిగుడుగా ఉంటాయి. దాన్ని నునుపు చేసి, స్వరాలు అమర్చి, కచేరీ చేస్తే అది ఇంకో పాట అవుతుంది.

ఈ చర్చ మనకూ తెలిసిందే. బతుకమ్మ చుట్టూ తిరుగుతూ ఆడవాళ్ళు చప్పట్లు కొట్టి పాడే పాట ఉంది. అక్కడ వినేవాళ్ళు వేరే లేరు, ఉన్నవాళ్ళంతా పాడేవాళ్ళే. అదే పాటను వేదిక మీద మైకు ముందు, కీబోర్డు పెట్టి పాడితే? పాట అదే, అనుభవం వేరు. హర్‌స్టన్ మాటలో నిజం ఉంది. నేను ఒప్పుకుంటాను. కానీ ఆ తొమ్మిదిమంది వేదిక ఎక్కకపోతే ఆ పాటలు మనదాకా వచ్చేవా? మసి పూసుకున్న వెకిలితనమే నల్లవాళ్ళ సంగీతంగా మిగిలిపోయేది. వాళ్ళు పల్లె పాటను వేదికకు తగ్గట్టు మార్చారు, నిజమే. మార్చింది ఆ పాటలు ఒళ్ళో విని పెరిగిన పిల్లలు. ఆ మార్పు వాళ్ళ సొంతం. దాన్ని నేను ఒక కళ అంటాను.

ఫిస్క్‌లోనే చదువుకున్న డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్ తరవాత గొప్ప ఆలోచనాపరుడయ్యాడు. 1903లో వచ్చిన తన పుస్తకం చివరి అధ్యాయాన్ని ఈ పాటలకే ఇచ్చాడు. జూబిలీ హాలు తన కళ్ళకు ఆ పాటలతోనే కట్టినట్టు కనిపించేదని రాశాడు.

బృందం చెదిరిపోయాక కథ ఆగలేదు. అందులో పాడిన ఫ్రెడరిక్ లౌడిన్ అనే గాయకుడు కొత్తగా జట్టు కట్టాడు. 1884లో బయల్దేరి ఆరేళ్ళపాటు ప్రపంచం తిరిగాడు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, అటునుంచి మన దేశం. తాజ్‌మహల్‌లో కూడా వాళ్ళు పాడారు. ఒక చక్రవర్తి భార్య సమాధి మీద కట్టిన ఆ గుమ్మటం కింద, అమెరికా పొలాల్లో పుట్టిన పాట. ఆ గుమ్మటంలో స్వరం ఎంతసేపు నిలుస్తుందో ఆగ్రా వెళ్ళినవాళ్ళకు తెలుసు. అక్కడ పాడాలంటే తొందరపడకూడదు. ఒక స్వరం పూర్తిగా కరిగేదాకా ఆగి రెండోది ఎత్తుకోవాలి. మెత్తగా పాడడం వచ్చినవాళ్ళకే అది కుదురుతుంది.

అమెరికా రచయిత మార్క్ ట్వేన్ కూడా వీళ్ళ శ్రోతే. ఆయన బానిసలున్న ఇంట్లో పుట్టి పెరిగాడు. ఈ పాటలు అసలు ఎలా ఉంటాయో చిన్నప్పుడు విన్నవాడు. 1873 నాటికే వీళ్ళను విని మెచ్చుకున్నాడు. 1897లో స్విట్జర్లాండ్‌లో మళ్ళీ విన్నాడు. ఈ పాట ముందు మిగతా గాత్రమంతా తనకు చవకబారుగా అనిపిస్తోందని మిత్రుడికి ఉత్తరం రాశాడు. పొగడ్తే. కానీ చిన్నప్పుడు విన్న చెవితో ఇప్పుడు విన్నదాన్ని పోల్చి చూసుకున్నవాడి పొగడ్త.

ఫిస్క్ జూబిలీ సింగర్స్ ఇప్పటికీ పాడుతున్నారు. కొత్త విద్యార్థులు వస్తారు, నేర్చుకుంటారు, వెళ్తారు. ప్రతి ఏడూ అక్టోబరు 6న జూబిలీ దినం జరుపుకుంటారు. 2021లో వాళ్ళ ఆల్బంకు గ్రామీ అవార్డు వచ్చింది. అప్పటికి తొమ్మిదిమంది బయల్దేరి నూటయాభై ఏళ్ళు.

మీరు వాళ్ళను వినాలనుకుంటే ఒక దారి చెబుతాను. 1909లో ఫిస్క్ నుంచి నలుగురు మగవాళ్ళు రికార్డింగు చేశారు. జాన్ వర్క్ అనే ఫిస్క్ అధ్యాపకుడు ఆ నలుగురిలో ఒకరు. పాట స్వింగ్ లో, స్వీట్ చారియట్. అమెరికా జాతీయ గ్రంథాలయం దాన్ని భద్రపరచవలసిన రికార్డుల్లో చేర్చింది. ఫోనులో వెతికితే దొరుకుతుంది. పాత రికార్డు కాబట్టి గరగర ఉంటుంది. ఆ గరగరను కాసేపు ఓర్చుకోండి. మొదటిసారి విన్నప్పుడు ముందు నడిచే గొంతును పట్టుకుని వెళ్ళండి. రెండోసారి ఆ గొంతును వదిలేసి, దానికి బదులిచ్చే మిగతావాళ్ళను వినండి. మూడోసారి ప్రతి పాదం చివర చూడండి. నలుగురూ మాటను ఎక్కడ వదిలారు, ఎంత కలిసి వదిలారు. ఇంట్లో సంగీతం నేర్చుకునే పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకోండి. మధ్యమం, నిషాదం ఎక్కడైనా తగులుతాయేమో వాళ్ళనే వెతకమనండి.